మీకు నచ్చిన అంకె

"వర్చువల్ మెషీన్‌కు నెట్‌వర్క్ అమర్చడం చాలా సులభమని మీకు తెలిసిందే."

ఈ వాక్యం రాసినవాడు సాకేత్ రావు. చదివినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. అంత సులభమైతే కాగితం ఎందుకు రాసినట్టు? అందరికీ తెలిసిందే అయితే పొద్దున తాళం తీసిన దగ్గర నుంచి మా ఆఫీసు ఫోన్ ఎందుకు మోగుతున్నట్టు?

ఆ ఫోన్ ఎత్తేదాన్ని నేనే. పేరు సరిత, ఊరు కోరుట్ల. రోజూ బస్సెక్కి జగిత్యాల వస్తాను. క్లాక్ టవర్ దగ్గర టైర్ల దుకాణం పైన మా ఆఫీసు. యజమాని కరుణాకర్ రావు సార్. సాకేత్ రావు ఆయన అన్న కొడుకు. సిరిసిల్లలో మరమగ్గాలు నడిపే ఆసాములకు మేం సాఫ్ట్‌వేర్ ఇస్తాం. ఏ మగ్గం మీద ఎంత బట్ట దిగింది, ఎవరి ఆర్డర్ ఎంత మిగిలింది, అన్నీ ఆసామి తన ఫోన్లో చూసుకోవచ్చు.

ఆ సాఫ్ట్‌వేర్‌ను ఒక వర్చువల్ మెషీన్‌లో పెట్టి ఇస్తాం. అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్. ఇంట్లో ఒక పోర్షన్ కిరాయికి ఇచ్చినట్టే అనుకోండి. ఇల్లుగలాయన తన గదుల్లో ఏ సినిమాలు పెట్టుకున్నా, ఏ ఆటలు ఆడుకున్నా కిరాయికున్నవాడి సామాను జోలికి పోడు. పేచీ అంతా తలుపు దగ్గర. కిరాయికున్నవాడికి వీధిలోకి తన తలుపు తనకుండాలి, ఆ తలుపుకు ఒక నంబరుండాలి. అప్పుడే ఆసామి ఫోన్ వచ్చి తలుపు తట్టగలదు. నెట్‌వర్క్ అమర్చడం అంటే ఇదే.

పెద్ద కంపెనీల్లో ఈ నంబర్లు పంచడానికి వేరే యంత్రం, దానికి కాపలాగా ఒక మనిషి ఉంటారు. మావి దేనికది విడి మెషీన్లు. నంబరు ఎవరిది వాళ్ళే చేత్తో పెట్టుకోవాలి. రూటర్‌ను పంచమంటే అదీ పంచుతుంది, కాని కరెంటు పోయి వచ్చినప్పుడల్లా కొత్త నంబరు అంటగడుతుంది. పూటకోసారి ఇంటి నంబరు మారితే వచ్చే చుట్టం ఎక్కడికని వస్తాడు?

ఇది నేను ఏడాదిగా ఫోన్లో చెప్తున్నాను. ఒకే మాట, ఒకే వరుస. తిన్నది అరిగేలోపు మళ్ళీ అదే మాట. రాత్రి నిద్రలో కూడా "బ్రిడ్జ్‌డ్ అని ఉన్నది నొక్కండి" అన్నానని మా అమ్మ అంజవ్వ చెప్పింది. బస్సులో పక్కన కూర్చున్నామె నన్ను "ఏం పని చేస్తవు బిడ్డా?" అని అడిగితే నాకు ఏడుపొచ్చింది.

ఒకరోజు సార్‌తో అనేశాను. "సార్, గీ కాయిదం సక్కగ రాస్తే గిన్ని ఫోన్లు రావు."

ఆయన నవ్వాడు. "మనోళ్ళు చదవరు సరితా, అడుగుతరు. బస్సుకు ఇంత పెద్ద బోర్డు ఉన్నా కండక్టర్ని అడిగే ఎక్కుతరు. అడగంది అమ్మ గూడ పెట్టది."

"బోర్డు మీద 'ఈ బస్సు ఎటు పోతదో మీకు తెలిసిందే' అని రాస్తే అడగకేం చేస్తరు సార్?"

లోపలి గదిలో సాకేత్ రావు దగ్గడం వినిపించింది. సార్ కాసేపు గడ్డం గోక్కుని పందెం పెట్టాడు. ఆయనకు పందెం లేనిదే పొద్దు పోదు.

"సరే, రాయి. సిరిసిల్లల కొత్త కాంప్లెక్స్ మొత్తానికి మనదే పెడుతున్నరు గదా. ఆడ షట్టర్ షట్టర్‌కు నీ కాయిదమే ఇద్దం. మన మనిషి పోవద్దు, నోటితోని చెప్పద్దు. ఫోన్లు తగ్గినయా, నువ్వు రాసుడు పనిలనే ఉండు, మిగిలినయన్ని గూడ నువ్వే రాయి. తగ్గలేదా, ఫోనే నీకు గతి. రాసుడు మాట మళ్ళ ఎత్తద్దు."

నాకు ఆ పని ఎంత కావాలో ఆయనకు తెలియదు. ఉద్యోగం పోతుందన్న భయం కాదు. పోదు, ఫోన్ ఎత్తడానికి మనిషి ఎప్పుడూ కావాలి. చెప్పిన మాట గాలికి పోతుంది, రేపు మళ్ళీ చెప్పాలి. రాసిన మాట ఉంటుంది. ఒక మనిషి తన గదిలో తాను కూర్చుని, ఎవరినీ బతిమాలకుండా, నా మాట పట్టుకుని పని పూర్తి చేసుకుంటే చాలనిపించేది. అంతకంటే పెద్ద కోరిక అప్పుడు నాకు లేదు.

కూర్చుని రాశాను. ముందు 'సులభం' తీసేశాను. 'మీకు తెలిసిందే' తీసేశాను. 'తదితర అమరికలు యథావిధిగా చేసుకోగలరు' అన్న వాక్యాన్ని చేత్తో కొట్టేసి, మీద ఇంకో గీత కూడా గీశాను, కసి తీరక. కిరాయి పోర్షన్ పోలిక పెట్టాను. తెరమీద ఏ మాట కనిపిస్తుందో ఆ మాటే రాశాను. నొక్కిన తర్వాత ఏం కనిపించాలో, కనిపించకపోతే ఎక్కడికి వెనక్కి రావాలో కూడా రాశాను.

సాకేత్ రావు చదివి మూతి ముడిచాడు. "గింత విడమరిచి రాస్తే మనకేం రాదనుకుంటరు."

"వాళ్ళకు వస్తె చాలు. మనకు రాదనుకున్నా మంచిదే" అన్నాను.

అన్నిటికంటే పెద్ద తంటా చివర్లో ఉంది. పాత కాగితంలో "ఉదాహరణకు 192.168.1.150" అని ఉండేది. ఉదాహరణ అన్న మాటను ఎవరూ లెక్కచేయలేదు. ఆఫీసువాళ్ళు ఇచ్చిన నంబరు, మార్చితే ఏమవుతుందోనని అందరూ అదే కొట్టారు. ఒకచోట ఒక్క మెషీనే ఉంటే పరవాలేదు. పక్కపక్కనే రెండుంటే రెండిళ్ళకు ఒకే తలుపు నంబరు. అందుకే నేను ఉదాహరణే తీసేశాను. చుక్కల మధ్య ఉన్న మొదటి మూడు అంకెలు అందరివీ ఒకటే, అవి మార్చవద్దని రాసి, కింద ఇలా రాశాను: "చివరి అంకె మీ ఇష్టం. వందలోపువి రూటర్ తనకోసం ఉంచుకుంటుంది. కనుక 101 నుంచి 254 మధ్య మీకు నచ్చిన అంకె పెట్టుకోండి."

ఆ వాక్యం చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను. నూట యాభైకి పైగా అంకెలున్నాయి, మనుషుల ఇష్టాలు తీరు తీరు, ఒకరిది ఒకరికి తగలనే తగలదు. ఆఫీసు మెషీన్‌లో పెట్టి చూశాను, చక్కగా నడిచింది. ఇంట గెలిచాను, ఇక రచ్చ గెలవడమే మిగిలింది.

రచ్చ రచ్చే అయింది.

కాగితాలు సిరిసిల్లకు చేరిన మర్నాడు ఫోన్ మోగడం మొదలుపెట్టింది, ఆగితే ఒట్టు. సార్ చాయ్ తెప్పించుకుని, నాకూ ఒకటి చెప్పి, హాయిగా ఊదుకుంటూ తాగాడు. ఒక్కో ఫోన్ ఎత్తుతుంటే నా చాయ్ చల్లారిపోయింది.

అయితే ఫోన్లలో ఫిర్యాదు కొత్తగా ఉంది. తలుపు పెట్టడం రాలేదని ఒక్కరూ అనలేదు. "పొద్దుగాల నాది మంచిగ నడిచింది. పక్కాయన వచ్చి స్విచ్చేయంగనే నాది పోయింది" అని ఒకరు. "నేను బంద్ చేస్తే ఆయనకు నడుస్తదట, ఆయన బంద్ చేస్తె నాకు నడుస్తది" అని ఇంకొకరు.

"సార్, ఒక్కసారి పోయి చూసొస్త. నోరు తెరువ."

"పోయి ఏం చేస్తవు మరి?"

"చెవులు తీసుకపోత."

"తీస్కపో" అన్నాడు ఆయన, నవ్వాపుకుంటూ.

వేములవాడ దాకా బస్సులో గుడికి పోయే మొక్కులవాళ్ళు కిక్కిరిసి ఉన్నారు. గుండు చేయించబోయే ఒక పిల్లవాడి జుట్టు నూనె నా చున్నీకి అంటింది. వేములవాడలో బస్సు ఖాళీ అయ్యాక సీటు దొరికింది గాని కూర్చున్నంతసేపూ ఆ కాగితమే చదువుకున్నాను. అందులో తప్పు ఒక్కటీ కనిపించలేదు. రాసినవాళ్ళకు తమ తప్పు ఎప్పుడు కనిపించింది గనుక.

కింద చిన్న దుకాణాలు, వాటి మీద కాంప్లెక్స్ రెండంతస్తులు, వరసగా షట్టర్లు, ఒక్కో ఆసామికి ఒక్కో షట్టర్ గది, వెనుక వీధి నుంచి మగ్గాల చప్పుడు. అందరికీ కలిపి ఒకే ఇంటర్నెట్ లైను. నేను మెట్లెక్కేసరికే అక్కడ జగడం నడుస్తోంది. ఆగయ్య, జలపతి అనే ఇద్దరు ఆసాములు. పక్కపక్క షట్టర్లు. పైగా వియ్యంకులు, జలపతి బిడ్డను ఆగయ్య కొడుక్కిచ్చారు. వియ్యంకులు కనుక నోరారా తిట్టుకోవడానికి లేదు. ఎవరి గడప మీద వాళ్ళు నిలబడి, నడవాలో కనిపించినవాళ్ళకల్లా చెప్పుకుంటున్నారు. నేను కనిపించాను.

"చూడు బిడ్డా," జలపతి తన ఫోన్ నా మొహం ముందు పెట్టాడు. "గిది నా ఫోన్. గిండ్ల చూస్తె ఎవరి బట్ట కనవడుతుంది? ఆయన బట్ట. ఆయన ఆర్డర్లు. నాయి ఏడ పోయినయి? ఇయ్యంకుడు గదా అని ఊకుంటున్న."

"అడుగు బిడ్డా," ఆగయ్య అటునుంచి అందుకున్నాడు. "నా ఆర్డర్లు నా అనుమతి లేంది ఆయన ఫోన్లకు ఎట్ల పోయినయో అడుగు. పెండ్లప్పుడు గూడ గింత దాపరికం చేయలే మేము. గిప్పుడు దొంగతనంగ చూసుడేంది?"

"నేను చూడలే. అదే కనవడ్డది."

"కనవడితె కండ్లు మూసుకోవాలె."

నోరు తెరవనని మాటిచ్చాను. చెప్పనన్నాను గాని అడగనని అనలేదు కదా. "కాకా, చివరి అంకె ఎంత పెట్టిన్రు?"

"నూట పదార్లు" అన్నాడు ఆగయ్య.

జలపతివైపు తిరిగాను. ఆయన నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు. "నూట పదారే. ఇంకెంత పెడ్తరు?"

పక్క షట్టర్‌కు పోయాను. నూట పదహారు. ఆ పక్కన నూట పదహారు. పై అంతస్తులో ఒకాయన వేంకటేశ్వరస్వామికి మొక్కి మరీ నూట పదహారు పెట్టాడు. ఒక్కరంటే ఒక్కరు వేరే అంకె పెట్టలేదు.

"ఎందుకు కాకా? నచ్చిందే పెట్టమన్నరు గదా?"

"నచ్చిందే పెట్టినం" అన్నాడు ఆగయ్య. "కొత్త పని మొదలు పెట్టంగ సున్నాతోని ఎవడన్న పెడ్తడా? పెండ్లిల చదివింపులు నూట పదార్లు, అయ్యగారి చేతుల పెట్టేది నూట పదార్లు. నువ్వు పెట్టిన లెక్కల నూటొక్కటి నుంచి మొదలు. గండ్ల శుభమైన అంకె ఇంకోటి ఏదున్నదో నువ్వే చెప్పు."

నేనేం చెప్తాను? ఆఫీసులో పరీక్షించినప్పుడు నేను పెట్టింది కూడా నూట పదహారే. వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి, నేను గమనించనుకూడా లేదు. నడవాలోనే గోడకానుకుని నవ్వాను, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా. వియ్యంకులిద్దరూ జగడం మాని, ఈ పిల్లకేమైందన్నట్టు మొట్టమొదటిసారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నవ్వు తగ్గాక భయం పట్టుకుంది. జాతి జాతికంతా నచ్చిన అంకె ఒకటే అయితే ఇక ఏం రాయాలి? నూట పదహారు తప్ప ఏదైనా అని రాస్తే అందరూ నూట ఎనిమిదికి పోతారు. ఎవరికి ఎంతో నేనే రాసి పంపిస్తే ఆ పని ఆఫీసుది అయిపోతుంది. రేపు కొత్తాయన దిగితే మళ్ళీ ఫోను.

అప్పుడే కింద నుంచి చాయ్‌వాలా కేకేశాడు. "పదకొండుకు ఎన్ని?"

నాలుగైదు షట్టర్ల అవతల నుంచి బట్ట మడతపెడుతున్న ఒక పెద్దామె తల బయటపెట్టింది. "పదకొండుకు ఒకటి. చక్కెర తక్వ." ఆమె పేరు కనకవ్వ అని పక్కవాళ్ళు చెప్పారు, అదీ నేను అడిగాక. అంతవరకు అందరూ ఆమెను పదకొండో షట్టర్ అనే అంటున్నారు. ఆ కాంప్లెక్స్‌లో ఎవరి పేరూ ఎవరికీ అక్కర్లేదు. ఏడో షట్టరాయన, మూడో షట్టరాయన. ఒకరి నంబరు ఇంకొకరికి ఉండదు, ఎవరూ మరచిపోరు, ఎవరూ ఎంచుకోరు.

తిరుగు బస్సులోనే ఆ వాక్యం మార్చాను. "ఈ కాంప్లెక్స్‌లో ఒక అంకె ఒక్కరికే. నూరుకు మీ షట్టర్ నంబరు కలపండి. ఏడో షట్టర్ అయితే 107. అంకె శుభమా కాదా అని చూడవద్దు. ఇది చదివింపు కాదు, ఇంటి నంబరు. ఇద్దరికి ఒకే ఇంటి నంబరుంటే ఒకరి చుట్టాలు ఇంకొకరి ఇంట్లో తింటారు."

"టెక్నికల్ కాయిదంల చుట్టాలేంది, శుభమేంది?" అన్నాడు సాకేత్ రావు.

"నీ కాయిదంల లేకనే గదా గింత తిప్పలు" అన్నాను. అనకూడదు, యజమాని అన్న కొడుకు. అయినా నోరు ఊరుకోదు.

సార్ చదివాడు. ఎక్కడా నవ్వలేదు. "గిదే ఆఖరు. రేపు ఫోన్ నేనే ఎత్తుత. నువ్వు ఎత్తితె చెప్పేస్తవు." కాగితాన్ని కాంప్లెక్స్ కింద ఉన్న జిరాక్స్ దుకాణానికి ఫోన్లో పంపి, షట్టర్ షట్టర్‌కు పంచమన్నాను.

మర్నాడు ఆయన నాకంటే ముందొచ్చి ఫోన్ దగ్గర కూర్చున్నాడు. నేను ఎదురుగా కుక్కిన పేనులా కూర్చున్నాను. చాలాసేపు ఫోన్ మోగలేదు. నేను ఊపిరి పీల్చుకున్నానో లేదో, మోగింది.

"ఇగో, మొదలైంది" అని సార్ స్పీకర్ నొక్కాడు.

"సార్, జలపతిని. సిరిసిల్ల."

"ఏం సమస్య?"

"సమస్యేం లేదు. నాది అయింది."

"ఏమయింది?"

"పని అయింది. నా బట్ట నా ఫోన్ల కనవడుతుంది."

"మరి ఫోన్ ఎందుకు చేసినవ్?"

అటువైపు జలపతి ఆశ్చర్యపోయాడు. "అయిందని చెప్పొద్దా సార్? పని చేసిపెడితె చెప్పకుంట ఊకుంటరా? అంకె కాడ మాత్రం సంపిన్రు. నాకు నూట పదిహేనంట, మా ఇయ్యంకునికి నూట పదార్లంట. గాయన షట్టర్ పదారోది. పొద్దుగాల నుంచి మీసం తిప్పుతుండు."

పెట్టేయగానే ఆగయ్య. "సార్, జలపతి చేసిండా? ఆయన కంటె ముందు నాదే అయింది. రాసుకోండి." ఆ తర్వాత ఏడో షట్టర్. ఆ తర్వాత పై అంతస్తు. ఒకాయన తనది ఎలా చేశాడో మొదటి నుంచి చివరి దాకా, మధ్యలో ఆపి చాయ్ తాగినదానితో సహా చెప్పాడు. సార్‌కు చెవి ఎర్రబడింది. ఎవరూ ఏమీ అడగడం లేదు. అందరూ చెప్పడానికే చేస్తున్నారు.

మధ్యాహ్నానికి ఆయన వెనక్కి వాలాడు. "సరితా, ఏ రోజు గూడ గిన్ని ఫోన్లు రాలే."

"కాని సార్..."

"ఫోన్లు తగ్గాలె అన్న. తగ్గినయా?"

తగ్గలేదు. పందెం పందెమే. నాకు కోపం రావలసింది, రాలేదు.  అన్నీ సరిగా చేసి కూడా ఓడిపోవచ్చని నాకు అంతవరకు తెలియదు. మళ్ళీ ఫోన్ మోగింది.

"నేను సార్, కనకవ్వను. పదకొండో షట్టర్."

"అయిందా అమ్మా?" సార్ నీరసంగా అడిగాడు.

"అయింది. గది కాదు. గీ కాయిదం రాసిందెవలు?"

"ఏం, తప్పేమన్న ఉన్నదా?"

"తప్పు గాదు సార్. నాకు చదువొస్తది. బడికి పోయిన, అచ్చరాలు మరిచిపోలే. గాని బ్యాంకు కాయిదం వచ్చినా, కరెంటోళ్ళ కాయిదం వచ్చినా, చదివితె సమజ్ కాకపోయేది. నా మెదడే మొద్దు అనుకున్న. మా ఆయన ఉన్నప్పుడు ఆయన, పోయినంక అల్లుడు, ఎవలో ఒకలు చదివి చెప్పాలె. పొద్దుగాల అల్లునికే ఫోన్ చేద్దామనుకుంట ఊకె చదివిన. చదువుకుంట ఒక్కొక్కటి చేసిన. అయిపోయింది. ఎవల్ని అడగలే."  వెనుక మగ్గాల చప్పుడు వినిపించింది. "నా మెదడు మొద్దు గాదు సార్. రాసేటోళ్ళే గట్ల రాసిన్రు ఇన్నొద్దులు. గా రాసినోళ్ళకు గీ మాట చెప్పాలె."

సార్ కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "రాసిన పిల్ల గిక్కడనే ఉన్నది, ఆమెకే చెప్పమ్మా" అని స్పీకర్ బంద్ చేసి ఫోన్ నా చేతికిచ్చాడు. లేచి లోపలి గది తలుపు దగ్గర నిలబడి, "సాకేత్, రేపటి సంది ఫోన్ దగ్గర నువ్వు కూసో. సరితకు రాసే పని చానా ఉన్నది" అన్నాడు.

నేను ఫోన్ చెవికి ఆనించుకున్నాను. నోరున్న దాన్నని ఊరంతా పేరు నాకు. ఆ ఒక్క పూట మాత్రం మాట పెగలలేదు.

"ఉన్నవా బిడ్డా?" అంది కనకవ్వ.

"ఉన్న పెద్దమ్మా" అన్నాను ఎలాగో. "ఉన్న."